అమ్మ అనలేని మాట

పక్కింటి ట్యూషన్ పిల్లలు సాయంత్రం పూట ‘గో, వెంట్, గాన్’ అని రాగం తీస్తుంటే నేను లేచి కిటికీ మూసేస్తాను. చప్పుడు పడక కాదు, సిగ్గుతో. ఆ ‘గో’ అన్న మాట నాకు నేర్పినవారు సుబ్బారావు సారు. గుంటూరు వైపు నుంచి జనగామ హైస్కూలుకు ఇంగ్లీషు చెప్పడానికి వచ్చి, మా ముందుగదిలో అద్దెకుండేవారు. మా క్లాసులో పాఠానికి పుస్తకం తెరిచేవారు కాదు. ‘గో’ అంటూ తానే తలుపు దాకా నడిచేవారు, ‘కమ్’ అంటూ వెనక్కి వచ్చేవారు. అంత భారీ మనిషి అలా తిరుగుతుంటే మేం పగలబడి నవ్వేవాళ్లం. ఆయనా మమ్మల్ని వదిలేవారు కాదు. “పోయినం ఏంటమ్మా, వెళ్లాం అనలేవూ?” అనేవారు. నాకు ఒళ్లు మండేది. అయితే అమ్మ పంపిన జొన్నరొట్టెను లొట్టలేస్తూ తినే మనిషి మీద కోపం ఎంతసేపుంటుంది?

అరవై తొమ్మిదిలో తెలంగాణ ఉద్యమం వచ్చింది. మా ఉద్యోగాలు మాకే కావాలని ఊరేగింపులో నేనూ గొంతు చించుకున్నాను. అలా అడగడం తప్పని ఇవాళ కూడా అనను. కానీ ఒకనాటి పొద్దున సారు కిటికీ మీద రాళ్లు పడ్డాయి. విసిరినవాళ్లు సాయంత్రం మళ్లీ వస్తామని చెప్పి మరీ వెళ్లారు. నాన్న లేని ఇల్లు మాది. అమ్మకు ఆయన ప్రాణం గురించీ భయమే, మా గురించీ భయమే.

“సారును పొమ్మని చెప్పాలె బిడ్డా. ఇంట్ల ఉన్న మనిషిని పో అని నా నోటితోని ఎట్లంటనే? నువ్వు ఇంగ్లీషుల చెప్పు. గా మాట మనది కాదు, గంత తాకది” అంది.

వెళ్లాను. సారు గాజు పెంకులు ఏరుతున్నారు. “సార్, గో” అన్నాను. ‘ప్లీజ్’ అని కూడా చేర్చలేదు. ఆయన నన్ను చూసి, నా వెనక తలుపు చాటున కనబడుతున్న అమ్మ కొంగు చూశారు. “అలాగేనమ్మా” అన్నారు. ఇంగ్లీషులో అన్నా అది తాకింది. నేను తల ఎత్తలేకపోయాను.

ట్రంకుపెట్టె పట్టుకుని గడప దాటుతూ “వెళ్తున్నానండీ” అన్నారు. మా ఇళ్లలో అలా అని ఎవరూ గడప దాటరు. అమ్మ బోరుమంది. “అట్లనకుండ్రి సారూ. పోయొస్త అనుండ్రి.”

ఆయన ఆగి, “పోయొస్త అక్కా” అన్నారు. మళ్లీ రాలేదు.

తర్వాత నేనూ మహబూబాబాద్‌లో ఇంగ్లీషు టీచర్నయ్యాను. పాఠం ‘గో’ దగ్గరికి వచ్చినప్పుడల్లా బోర్డు వైపు తిరిగి చెప్పేదాన్ని. ఎదుటివాళ్ల ముఖం చూస్తూ ఆ మాట అనడం నాకు ఇప్పటికీ చేతకాదు.