మొక్కజొన్న కొలిచిన కాఫీ

నోటితో కోటలు కట్టేవాళ్లను మీరు చూసే ఉంటారు. నేను నోటితో ఒక ఊరి కాఫీ పంటకు బూజు పట్టించాను. నవ్వుకోండి, చివరిదాకా నవ్వగలిగితే.

పదేళ్ల కిందట గింజల తేమ కొలిచే మీటర్లు అమ్మేవాణ్ణి. మీటరు గురించి నాకు తెలిసిందల్లా దాని డబ్బా రంగు. మిగతా విజ్ఞానమంతా నా టైలో ఉండేది. డుంబ్రిగుడ దగ్గర గిరిజన మహిళలు సంఘం పెట్టుకుని, దళారీ లేకుండా మొదటిసారి తమ కాఫీని తామే బెంగళూరు కంపెనీకి పంపబోతున్నారు. తడిగా ఉంటే మొత్తం వెనక్కే అని కంపెనీ ముందే చెప్పింది. సంఘం పెద్ద దొయిమతక్క గింజను పంటి కింద కొరికి చూసేది. పటుక్కుమంటే ఎండినట్టు.

నా మీటరు తెర మీద వరి, మొక్కజొన్న, వేరుశనగ అని ఉన్నాయి. అక్క కూడబలుక్కుని చదివింది.

"ఇందులోన కాఫీ ఏదీ బాబూ?"

తెలీదు అనాలి. మూడంటే మూడక్షరాలు. అవి నా గొంతులో పనసకాయలా అడ్డంపడ్డాయి. తేమ ఎక్కడైనా తేమేనని దబాయించి, సైజు దగ్గరగా ఉందని మొక్కజొన్న నొక్కాను. సరిగ్గా కంపెనీ అడిగిన అంకే వచ్చింది.

అక్క గింజ కొరికింది. "ఇంకా మెత్తగున్నాది. రెండెండలు తగలాల."

"నీ పన్నుకి గ్యారంటీ కార్డుందా అక్కా?"

అందరూ నవ్వారు. అక్క కూడా నవ్వింది. నవ్వి, గింజ ఉమ్మేసి, బస్తాలు కుట్టించింది.

నెల తిరక్కుండా లారీ వెనక్కొచ్చింది. బస్తా విప్పితే గుప్పున బూజు వాసన. ఆడవాళ్లు కళ్లంలో గింజలు పరుచుకుని, బాగున్నవి ఒక్కొక్కటే ఏరుతున్నారు. జీపులో వస్తూ ఎనిమిది అబద్ధాలు సిద్ధం చేసుకున్నాను. ఒక్కటీ అవసరపడలేదు. అక్క నన్ను తిట్టలేదు.

"నా పన్ను సెప్పింది. నేనే ఇనలేదు" అంది, ఏరుతూనే.

పోయినేడు కాఫీకనే చేసిన మీటరు పట్టుకెళ్లాను. ముందు నీ తీర్పు చెప్పక్కా అని గింజ అందించాను. నోరు తెరిచి చూపించింది. ఆ పన్ను లేదు.

"ఊడిపోనాది. ఇప్పుడు నీ మిషనే దిక్కు. దీనికి మన గింజ తెలుసునేటి?"

"చేసినవాళ్లు దీనికి కాఫీ తెలుసంటున్నారక్కా. మన గింజ సంగతి నాకు తెలీదు. పరీక్ష చేయించి చెబుతాను."

అక్క గింజను తిరిగి నా అరచేతిలో పెట్టింది.

"బేగి నేర్సినావు బాబూ."

కాబట్టి పాఠకులారా, నాకు తెలియని యంత్రం తరఫున ఇక ఈ జన్మలో నోరు విప్పను. మొక్కజొన్న పొత్తు మీద ఒట్టు.