చాప మీద నన్ను కూర్చోబెట్టిన దేవుడు

సహోదరులారా, సహోదరీలారా, ప్రభువు నామంలో మీ అందరికీ వందనాలు! నేను చెప్పబోయేది విని ముందు వరుసలోని అక్కలు కొంగు అడ్డం పెట్టుకుని నవ్వినా నాకు కోపం రాదు, ఎందుకంటే ఆ జబ్బు పేరే అలాంటిది. మొలలు! ఆ మాట నోట పలకడానికి సిగ్గుపడి ప్రాణం మీదికి తెచ్చుకోబోయినవాణ్ణి నేను.

నాది జమ్మలమడుగే, మీకు తెలుసు. పని ప్రొద్దుటూరులో, చీరల అంగట్లో. పొద్దున తెల్ల పరుపు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుంటే అంగడి మూసేదాకా అదే కూర్చోవడం. పెళ్లి బట్టలకు వచ్చినవాళ్లు చీర మీద చీర విప్పించుకుంటుంటే మధ్యలో లేస్తే బేరం చెడుతుందని దొడ్డికి వచ్చినా బిగబట్టుకోవడం, లేవాల్సి వస్తుందని నీళ్లు తాగకపోవడం, ఆకలేస్తే ఉగ్గాని, మిరపకాయ బజ్జీ! మొదట మంట, తరువాత నొప్పి, ఒకరోజు రక్తం. మా పెద్దనాయన పేగు క్యాన్సర్‌తో పోయాడు, ఆయనకూ మొదట రక్తమే పడింది. ఇవి మొలలో, నాకూ అదే వచ్చిందో తెలియక హడలిపోయాను, ఇంట్లో కూడా చెప్పలేదు.

మన మందిరంలో అందరం చాపల మీద కూర్చుంటాం కదా. నేను కూర్చోలేక, మొదటి పాట నుంచి ఆశీర్వాదం దాకా మోకాళ్ల మీదే ఉండేవాణ్ణి. మీరేమన్నారు? అబ్బా, ఎంత భక్తి అన్నారు! నొప్పికి నా కళ్ల వెంట నీళ్లు కారుతుంటే ఆత్మ దిగివచ్చిందని పక్కవాళ్లు స్తోత్రాలు చెప్పారు! కాదని చెప్పాలంటే జబ్బు పేరు చెప్పాలి.

అసలు సంగతి కనిపెట్టింది ఒక్కరే, మన పాస్టరుగారి భార్య సుగుణమ్మగారు. ఆదివారం సంఘ భోజనానికి అందరూ కూర్చుంటే నేను పళ్లెం పట్టుకుని వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాను. ఆమె చారు గిన్నెతో వచ్చి మెల్లగా అడిగారు: "ప్రార్థన మోకాళ్ల మీద చేస్తాండావు, సరే. అన్నం గూడా నిలబడే తింటాండావే, ఏందప్పా? యాడ నొప్పి?"

నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అంతా చెప్పేశాను. ఒక్క సూదితో మొలలు రాలిపోతాయని బోర్డు పెట్టినవాడి దగ్గరకు మరుసటి రోజే పోవాలనుకున్న సంగతి కూడా చెప్పాను. ఆ తల్లి నవ్వలేదు, ముఖం చిట్లించలేదు. పాస్టరుగారిని పిలిచి, నా తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేశారు.

"తండ్రీ, ఈ దేహమంతా నువ్వు చేసిందే గదా. చేసిన నీకు లేని సిగ్గు ఈ బిడ్డకెందుకయ్యా? శానా భయపడి ఉండాడు. ఆ సూదోని దగ్గరికి పోనీయొద్దు, మంచి డాక్టరు చేతికి అప్పగించు. ఏం చెప్పినా తట్టుకునే ధైర్యమియ్యి. ఆమెన్!"

ఆ రోజే ఇంట్లో చెప్పించి, మరునాడు దంపతులిద్దరూ నన్ను పులివెందులలో డాక్టరమ్మ దగ్గరకు తీసుకుపోయారు. బస్సులో నేను కూర్చోలేక నిలబడితే, సీటు ఖాళీగా ఉన్నా సుగుణమ్మగారు దారి పొడుగునా నాతోపాటు నిలబడే వచ్చారు! దేవుని ప్రేమ గురించి ఎన్నో ప్రసంగాలు విన్నాను గానీ, కళ్లారా చూసింది ఆ బస్సులోనే.

పరీక్షలన్నీ చేయించాక డాక్టరమ్మ క్యాన్సర్ కాదు, మొలలే అన్నారు. హల్లెలూయా! రక్తం పడితే మొలలేలే అని ఊరుకోకూడదట, క్యాన్సరేమోనని ఇంట్లో కుమిలిపోకూడదట, వెంటనే చూపించుకోవాలట. మందులిచ్చి, నీళ్లు బాగా తాగమన్నారు, రాగిసంగటి, ఆకుకూర పప్పు, పండ్లు తినమన్నారు, దొడ్డికి వస్తే ఆపుకోవద్దన్నారు, అక్కడ ముక్కుతూ ఫోను చూస్తూ కూర్చోవద్దన్నారు, గోరువెచ్చని నీళ్ల టబ్బులో కాసేపు కూర్చోమన్నారు, అంగట్లో మధ్యమధ్య లేచి నడవమన్నారు. ఈ చివరిది మా షావుకారుకు భయపడుతూ చెబితే, ఆయన అటూ ఇటూ చూసి, "నాకూ అదే గదప్పా! ఏ డాక్టరు?" అని అడిగాడు!

ఒక్క రోజులో తగ్గలేదు, మెల్లమెల్లగా తగ్గింది. పోయిన ఆదివారం మొదటిసారి చాప మీద కూర్చున్నాను. నా భక్తి చల్లారిందని కొందరు గుసగుసలాడారు! సుగుణమ్మగారు మాత్రం పాట మధ్యలో నన్ను చూసి కొంగుతో కళ్లు తుడుచుకున్నారు.

సహోదరులారా, ప్రార్థన విన్న దేవుడే ఆ డాక్టరమ్మకు తెలివినిచ్చాడు, ఆయనను నమ్మండి, ఆయన దగ్గర సిగ్గుపడకండి. ఈరోజు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డ తమ్ముడెవరైనా ఉంటే, నేను అటు చూడను. ఆరాధన అయ్యాక వచ్చి నాతో మాట్లాడు, పులివెందుల దాకా నీతో నిలబడే వస్తాను. దేవునికే మహిమ!