బీరువాలో కడప

పెళ్లికొడుకుగా నా పరువు నా చేతులతో నేనే తీసుకున్న సంగతి చెబుతాను. నవ్వుకోండి గానీ, మైదుకూరులో మాత్రం ఈ మాట ఎత్తకండి. అక్కడివాళ్లకు నాకంటే బాగా తెలుసు.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో నేనక్కడ ఒక కాలేజీలో మనస్తత్వశాస్త్రం చెప్పేవాణ్ణి. కొత్త యంత్రం చేతికిస్తే మనిషి ఏం చేస్తాడో చూడటానికి ప్రయోగశాల పెడతానని ప్రిన్సిపాలుగారి వెంటపడ్డాను. నా పోరు పడలేక ఆయన ఒక మూలగది ఇచ్చారు. అందులో రేడియో, కుట్టుమిషను, కిరసనాయిలు స్టవ్వు చేర్చాను. అన్నిటికంటే గొప్పవి, తీగతో కలిపిన రెండు పాత టెలిఫోన్లు. ఒకటి బల్లమీద, రెండోది బీరువాలో.

బీరువాలో ఎందుకంటారా? ఎదురుగా అయ్యవారు కూర్చుంటే ఎవరైనా బిగుసుకుపోతారు. దాక్కునే చూడాలి. అందుకని బీరువా అరలు పీకించి, తలుపుకు చిల్లు పెట్టించి, లోపల ఒక పీట వేయించాను. కొత్త వార్నీషు వాసనకు కళ్లు మండిపోయేవి. శాస్త్రం కోసం ఓర్చుకున్నాను.

"టెలిఫోను ఎప్పుడూ ముట్టనివాణ్ణి ఎవరినైనా పిలుచుకురా" అని అటెండరు దస్తగిరికి చెప్పి, బీరువాలో దూరాను. కాసేపటికి తలపాగా చుట్టిన పెద్దమనిషి ఒకాయన వచ్చి బల్లముందు కూర్చున్నాడు. పిడి తిప్పి గంట మోగించాను. ఆయన రిసీవరు తలకిందులుగా పట్టుకుని, మళ్లీ సరిచేసుకున్నాడు.

"ఎవురప్పా?"

"కడప నుంచి మాట్లాడుతున్నా" అన్నాను. నమ్ముతాడా లేదా అన్నదే నా పరీక్ష.

"కడపనా? గొంతు శానా దగ్గరగా వినపడతాండాదే."

"లైను కొత్తది."

"మంచిది. మాది మైదుకూరు, నూనె అంగడి. ఈడ రంగయ్య అని ఒక అయ్యవారుండాడంట. మా పాపను ఇద్దామని చూసేదానికొచ్చినా. ఆయప్ప గురించి నీకేమన్నా తెలుసునా?"

రంగయ్యను నేనే. మైదుకూరు సంబంధం మాట నడుస్తోందని మా ఇంట్లో అన్నారు గానీ, ఆయన ఇలా చెప్పకుండా దిగుతాడని నాకేం తెలుసు? నాకోసం వచ్చి వరండాలో కూర్చున్న మనిషినే దస్తగిరి తెచ్చి కూర్చోబెట్టాడు.

అప్పుడే బయటికొచ్చి దణ్ణం పెట్టుంటే సరిపోయేది. పెట్టలేదు.

"రంగయ్యా? బంగారంలాంటి పిల్లోడు. బీడీ కూడా తాగడు" అన్నాను.

"కోపమెక్కువనా?"

"ఆవుదూడ అనుకోండి."

"కడపలో ఉండేవానికి ఇంత బాగా ఎట్లా తెలుసప్పా?"

రంగయ్య కీర్తి జిల్లా దాటిందని చెప్పబోయాను. ఇంతలో వార్నీషు ముక్కుకెక్కింది. తుమ్మాను. ఆ దెబ్బకు తలుపు తెరుచుకుని, రిసీవరుతో సహా వెళ్లి ఆయన కాళ్లదగ్గర పడ్డాను.

ఆయన నన్ను చూశాడు. బీరువాలోకి తొంగిచూశాడు. చెవి దగ్గరి రిసీవరు దించకుండా, దాన్లోనే నెమ్మదిగా అడిగాడు. "కడపంతా ఇంతేనా, లోపల ఇంకా ఉండాదా?"

"నేనే రంగయ్యను" అన్నాను నేలమీద నుంచే.

"తెలిసిపాయలే. పరాయోడు ఎవురూ అంత బాగా చెప్పరు."

మజ్జిగ కూడా తాగకుండా బస్సెక్కి వెళ్లిపోయాడు. సంబంధం తప్పిపోయిందని నాకు అన్నం సయించలేదు. ఆశ వదులుకున్నాక, ముహూర్తం పెట్టుకోమని మైదుకూరు నుంచి కబురొచ్చింది. పెళ్లయ్యాక మా ఆవిడను అడిగాను, మీ నాయన ఎట్లా ఒప్పుకున్నాడని.

"ఇంటికొచ్చి కడుపు పట్టుకుని నవ్వినాడు. పిల్లోనికి అబద్ధమాడేది చేతకాదు పాపా, నువ్వు సుఖపడతావు అన్నాడు" అంది.

కాబట్టి మీ అందరి ఎదుట ప్రమాణం చేస్తున్నాను. రంగయ్య ఎలాంటివాడని ఎవరడిగినా ఈ జన్మలో నేను నోరు విప్పను. మా ఆవిడనే అడగండి. ఆమె చెప్పేంతసేపూ నేను అలా వీధిలోకి వెళ్లొస్తాను.