మురిగిన ఓటు

నిన్న సాయంత్రం తిరుపతిలో మా వీధిలోకి ప్రచారం ఆటో వచ్చింది. చెవులు చిల్లులు పడేలా మైకు: "మూడో వాళ్లకేసి మీ ఓటు మురగబెట్టుకోకండి!" ఆ మాటకు సరోజక్క గుర్తొచ్చి నవ్వొచ్చింది.

పలమనేరు దగ్గర మా ఊళ్లో సరోజక్క పాలకేంద్రం నడిపేది. చదువు ముగించి ఊరికే తిరుగుతున్న నన్ను పిలిచి పనిలో పెట్టుకున్న మనిషి. ఆమెకున్న పిచ్చి ఒక్కటే. పిల్లనిచ్చేముందు కూడా "మీరు ఏ పార్టీ వాళ్లు?" అని అడిగే ఊళ్లో మూడో పార్టీ నిలబెట్టాలనుకోవడం. చిత్తూరులో కొత్త పార్టీ వాళ్లిచ్చిన జెండా తెచ్చి కేంద్రం ముందర కట్టింది. మరునాడే సగం మంది పాలు పోయడం మానేశారు. "పోనీలేప్పా, ఆవులకు పార్టీ యాడిది? వాళ్లే వస్తారు" అంది. నిజంగానే వచ్చారు. పాలకు వచ్చారు గాని ఓటుకు రాలేదు.

మండల ఎన్నికల్లో ఆమే నిలబడింది. గడప గడపకూ ఒకటే మాట. "నువ్వు మంచిదానివే అమ్మణ్ణీ. నీకేస్తే ఓటు మురిగిపోతాదే!" అన్నాడు మునిరత్నం అనే పెద్ద రైతు. ఆమె అతని పెంటదిబ్బ చూపించింది. "మురిగితేనే గదా మామా ఎరువయ్యేది. పచ్చిపేడ సేన్లో ఏస్తావా?" ఆయన పకపకా నవ్వాడు.

ఓడిపోయింది, అదీ ఘోరంగా. మరునాడు పొద్దున్నే నన్ను వెంటబెట్టుకుని ఇంటింటికీ బయలుదేరింది, దండం పెట్టడానికి. గెలిచినవాళ్లే తొంగిచూడని ఊళ్లో ఇదేం చోద్యమని నాకు తల కొట్టేసినట్టయింది.

"మనకేసినోళ్లు ఎవరక్కా?"

"తెలిస్తే వాళ్లిండ్లకే పోదును గదప్పా. తెల్దు గాబట్టే అందరికీ సెప్పుకోవాల."

ఏడాది తిరక్కుండానే పై నాయకుడు పార్టీని తీసుకెళ్లి ఒక పెద్ద పార్టీలో కలిపేశాడు. చిత్తూరొచ్చి కొత్త కండువా కప్పుకొమ్మని ఆమెకు ఫోన్ చేశాడు. "నాదైతే ఇచ్చేద్దును సార్. నన్ను నమ్మి ఏసినోళ్ల ఓట్లు మీకెట్లా ఇచ్చేది?" అని పెట్టేసింది. జెండా విప్పుతూ ఏడ్చింది. ఆమె ఏడవడం నేను చూసింది ఆ ఒక్కసారే. కళ్లు తుడుచుకుని మళ్లీ ఇల్లిల్లూ తిరిగింది, ఈసారి తప్పయిపోయిందని చెప్పుకోవడానికి. మునిరత్నం మామ అంతా విని అటూ ఇటూ చూశాడు. "నేనేసింది నీకమ్మణ్ణీ, వానికి గాదు. మా ఇంట్లో గూడా సెప్పలేదు" అన్నాడు మెల్లగా.

సరోజక్క ఇప్పుడు లేదు. ఎవరు గెలుస్తారో చూసుకుని ఓటు వేయడం నేను ఎప్పుడో మానేశాను. అందుకే కాబోలు, నేను వేసినవాళ్లు దాదాపు ప్రతిసారీ ఓడిపోతుంటారు. ఫలితాలొచ్చిన మరునాడు పొద్దున్నే వీధి తలుపు తెరిచిపెట్టుకుని కూర్చుంటాను. మా ఆవిడ నవ్వుతుంది. ఇంతవరకు ఎవరూ రాలేదు.