స్టడీ అవర్‌లో ఆగని వైఫై

యాదలక్ష్మికి కోపం ఎక్కువని మా హాస్టల్లో అందరూ అంటారు. అంత కోపం కూడా లేకుండా మిగతావాళ్ళు ఎలా నెట్టుకొస్తున్నారా అని నాకు ఆశ్చర్యం. సాంబారు నీళ్ళలా ఉంటే ఆమె వంటమనిషి లచ్చమ్మ జోలికి పోదు. గిన్నె పట్టుకుని నేరుగా యజమాని గదికి వెళ్ళి, "గిది నువ్వు తాగు అంకుల్, నేను చూస్త" అంటుంది. లచ్చమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుకుంటుంది.

ఆమెది నల్గొండ దగ్గర పల్లె. చెయ్యి చేసుకున్న మొగుణ్ణి వదిలేసి, హయత్‌నగర్‌లో ఆటో నడుపుకునే తండ్రి మట్టయ్య దగ్గరికి వచ్చేసింది. "సర్దుకపో బిడ్డా" అని ఆయన రెండోసారి అనగానే అక్కణ్ణుంచీ లేచి, దిల్‌సుఖ్‌నగర్‌లో మా హాస్టల్లో మంచం తీసుకుంది. పొద్దున్నే నెట్‌వర్కింగ్ కోర్సు, తర్వాత ఎల్బీనగర్‌లో చీరల షాపులో పని. సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్‌లో విండోస్ ఈసురోమంటుంటే పీకేసి, ఉచితంగా దొరికే లినక్స్ వేసుకుంది. నేను రాజమండ్రి నుంచి బ్యాంకు పరీక్షల కోచింగ్‌కి వచ్చి ఆమె పక్క మంచంలో చేరాను.

హాస్టల్ యజమాని త్రినాథరావు గారు. మా సందుల్లో హాస్టల్ యజమానంటే కిరాయి తీసుకుని ఊరుకునేవాడు కాదు. ఊళ్ళో ఉన్న తల్లిదండ్రులకు ఇక్కడి కాపలా ఆయనే. "మీ అమ్మాయి నా కూతురులాంటిది" అని చేరిన రోజే అంటాడు. వారం వారం ఇళ్ళకు ఫోన్ చేసి మా నడవడిక మీద రిపోర్టు ఇస్తాడు. సాయంత్రం స్టడీ అవర్ మొదలవగానే, ఫోన్లు చూడకుండా చదువుకుంటామని, తన గదిలోని వైఫై రూటర్ తనే కట్టేస్తాడు. దానికి ఆదివారం కూడా మినహాయింపు లేదు.

మా గదిలో మూడో మంచం మృదులది. గ్రూప్స్ పరీక్ష దగ్గర పడుతుండగా ఒంగోలు నుంచి ఆమె తండ్రి మురళీకృష్ణ ఫోన్ చేశాడు. మేడ మీద ఎవడితోనో ఫోన్లో నవ్వుతూ మాట్లాడుతున్నావట, ఆదివారం వచ్చి తీసుకుపోతాను, చదివింది చాలు అన్నాడు. మృదుల ఏడుస్తూ కూర్చుంది.

"నేను మాట్లాడేటప్పుడు మేడ మీద ఎవరూ ఉండరక్కా. ఆయనకెవరు చెప్పారు?"

"అంకుల్ చెప్పిండు, ఇంకెవరు?" అంది యాదలక్ష్మి. మళ్ళీ తనే, "ఆయనకు మోకాళ్ళ నొప్పులు. మెట్లెక్కంగ నేనెన్నడు చూడలె. మరెట్ల చూసిండు?"

చుట్టూ ఉన్న వైఫైలన్నిటినీ, పేరు దాచుకున్నవాటితో సహా, పట్టి చూపించే స్కానర్ ప్రోగ్రామ్ గురించి ఆమె క్లాసులో విన్నది. ఎక్కించబోతే లాప్‌టాప్‌లోని వైఫై కార్డు మొండికేసింది. అది ఏదో ఒక నెట్‌వర్క్‌తో కలవగలదే కానీ, ఎవరితోనూ కలవకుండా అందరి మాటలూ వినలేదు. వినగలిగేదాన్ని, యూఎస్‌బీలో గుచ్చేదాన్ని, కొనుక్కొచ్చింది. దాన్ని నడిపే డ్రైవర్ ప్రోగ్రామ్ లేదంది లినక్స్. డ్రైవర్ తెచ్చి వేస్తుంటే మధ్యలో ఆగిపోయి తెర నిండా తప్పులు చూపించింది.

"నాకే చెప్తవా?" అని లాప్‌టాప్‌ని తిట్టి, ఏం తక్కువైందో వెతికి అది కూడా ఎక్కించి, మళ్ళీ మొదటికొచ్చింది. చివరికి కార్డు లొంగింది. సందులో ఉన్న వైఫైలన్నీ తెర మీద వరస కట్టాయి. సిగ్నల్ బలం చూసుకుంటూ నడిస్తే అది ఎక్కడిదో తెలిసిపోతుందంది.

మొదటిసారి నడిచినప్పుడు ఒక సిగ్నల్ మమ్మల్ని వదల్లేదు. వంటగదికి వెళ్తే వంటగదిలో బలంగా ఉంది, మెట్ల దగ్గరికెళ్తే మెట్ల దగ్గర కూడా అంతే. గోడలు తడిమి, గడియారం దించి చూశాం. తీరా చూస్తే అది నా జేబులోని ఫోన్ హాట్‌స్పాట్. యాదలక్ష్మి నా వైపు చూసిన చూపు నేనిక్కడ రాయను.

శనివారం స్టడీ అవర్‌లో మళ్ళీ బయల్దేరాం. రూటర్ ఆగిపోయింది కాబట్టి హాస్టల్ వైఫై తెర మీద లేదు. పక్క బిల్డింగులవి సన్నగా ఉన్నాయి. కానీ పేరు లేని నెట్‌వర్క్ ఒకటి, దాన్ని పట్టుకుని ఆగకుండా ఏదో పంపుతున్న పరికరం ఒకటి, గట్టిగా కనిపించాయి. తయారీదారు పేరు ఉండే చోట కెమెరాల కంపెనీ పేరుంది. మెట్లెక్కుతున్నకొద్దీ ఆ పరికరం సిగ్నల్ పెరిగి, మేడ మీద మోటారు స్టార్టర్ డబ్బా దగ్గర అన్నిటికన్నా ఎక్కువైంది. డబ్బాకి ఎదురుగా మేం బట్టలారేసుకునే తీగ.

డబ్బాని పగలగొట్టేందుకు మృదుల చెప్పు తీసింది. "ముట్టకు," అంది యాదలక్ష్మి. "రేపు మీ నాయన ముంగట తెరుద్దాం."

ఆదివారం మురళీకృష్ణ వచ్చేసరికి సాయంత్రమైంది.

"అమ్మాయి మంచిదేనండీ, వయసు అలాంటిది. నా కళ్ళతో చూశాను కాబట్టి చెప్పాను," అంటున్నాడు త్రినాథరావు.

"ఏడికెల్లి చూసినవ్ అంకుల్?" అంది యాదలక్ష్మి.

"అది నీకెందుకమ్మాయ్?"

"సరే, స్టడీ అవర్ టైమయింది. జర వైఫై బంద్ చెయ్."

ఆయన దర్జాగా వెళ్ళి కట్టేసి వచ్చాడు. యాదలక్ష్మి లాప్‌టాప్ మురళీకృష్ణ వైపు తిప్పింది.

"హాస్టల్ వైఫై పోయింది, చూడుండ్రి సార్. గిది మాత్రం నడుస్తనే ఉన్నది. ఏడున్నదో చూపిస్త, రాండ్రి."

త్రినాథరావు ముఖంలో రంగు మారింది. ఆయన మెట్లెక్కి వచ్చేలోపే ఆమె స్టార్టర్ డబ్బా తెరిచింది. లోపల చిన్న కెమెరా, మూత మీది రంధ్రంలోంచి తీగ వైపు చూస్తోంది. తీగ మీద మా లోబట్టలున్నాయి. మురళీకృష్ణ తల దించుకున్నాడు.

"భద్రత కోసమండీ," అని రొప్పుతూ వచ్చాడు త్రినాథరావు. "అమ్మాయిని కనిపెట్టుకుని ఉండమని మీరేగా అన్నారు!"

అన్నాడు కాబోలు, మురళీకృష్ణ మొహం తిప్పుకున్నాడు. కూతురితో, "సామాను సర్దుకో. ఈ కొంపలో ఒక్క క్షణం ఉండొద్దు," అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. కెమెరా దొరక్కముందూ సామాను సర్దుకోవలసింది మృదులే, దొరికాకా మృదులే!

"తప్పు చేసినోడు గీడ నిలబడ్డడు సార్," అంది యాదలక్ష్మి. "సామాన్లు ఆ పిల్లెందుకు సర్దాలె?"

మృదుల కళ్ళు తుడుచుకుంది.

"నేను రాను నాన్నా. అబ్బాయితో మాట్లాడిన మాట నిజమే. నా క్లాస్‌మేట్. రేపూ మాట్లాడతాను. పరీక్ష రాశాకే ఇంటికొస్తాను. నాకోసం ఏమైనా చెయ్యాలనుంటే పోలీసులకు ఫోన్ చెయ్యి."

ఆయన ఆ డబ్బా వైపు మరోసారి చూశాడు. తర్వాత జేబులోంచి ఫోన్ తీశాడు.

పోలీసులు వచ్చి కెమెరానీ, త్రినాథరావు మంచం కింద దాచిన, ఆ పేరు లేని నెట్‌వర్క్ నడిపే రెండో రూటర్నీ, త్రినాథరావునీ తీసుకెళ్ళారు. మురళీకృష్ణ ఖాళీ చేతులతోనే ఒంగోలు బయల్దేరాడు. గుమ్మం దాకా వెళ్ళినవాడు వెనక్కి వచ్చి, యజమాని గదిలోకి వెళ్ళి, హాస్టల్ రూటర్ స్విచ్ వేశాడు.

"పిల్లలు చదువుకోవాలి కదా," అన్నాడు, ఎవరి ముఖం చూడకుండా.

యాదలక్ష్మి ఒళ్ళో లాప్‌టాప్ ఇంకా తెరిచే ఉంది. మా హాస్టల్ వైఫై పేరు తెర మీదికి తిరిగొచ్చింది. పేరు లేనిది మళ్ళీ రాలేదు.