నప్పిందో లేదో వచ్చి చెప్పు

మా మేనత్త పోయిందని నాన్న ఫోన్ చేసినప్పుడు నేను కాలేజీ మెస్‌లో అన్నం పెట్టించుకుంటున్నాను. "అక్క లేదమ్మా. సంతకు మూటలు కట్టుకుంట, కూసున్న జాగలనే ఒరిగింది," అన్నాడు.  మా దుకాణం ముందు ఆగిన జీపువాడు బీజాపూర్, బీజాపూర్ అని పిలవడం ఫోన్‌లో వినిపిస్తూనే ఉంది. కంచం ఎక్కడ పెట్టానో నాకు గుర్తులేదు.

మాది గోదావరి దాటి పక్క రాష్ట్రంలోకి వెళ్తే వచ్చే భోపాలపట్నం. నాన్నది కిరాణా దుకాణం. ఆయన అక్క పెళ్లయిన కొత్తలోనే భర్తను పోగొట్టుకుని మా ఇంటికి వచ్చి, చుట్టుపక్కల వారపు సంతల్లో బట్టల వ్యాపారం మొదలుపెట్టింది. మా ఇంట్లోనే ఉన్నా ఎవరి మాటా పడేది కాదు. అడవి పల్లెలవాళ్లు దోర్లీలో అడిగితే దోర్లీలో, గోండీలో అడిగితే గోండీలో, పోలీసు క్యాంపు వాళ్లు వస్తే హిందీలో బేరమాడేది. తిట్టాల్సి వస్తే మాత్రం తెలుగే.

ఆమె దగ్గర చీర కొనడం అంత తేలిక కాదు. నచ్చిందని చేయి వేయగానే ఇచ్చేది కాదు. "భుజాన ఏస్కో. ఎండలకు పో. మీవోళ్లు ఏడ కూసున్నరో పోయి కనవడు. సంతంత తిరిగి, నప్పిందో లేదో వచ్చి చెప్పు," అని పంపేది. దూరపు పల్లెల ఆడవాళ్లయితే ఇంటికి పట్టుకుపోయి పై వారం చెప్పినా సరే. పక్క దుకాణాల వాళ్లకి ఇదొక వేళాకోళం. "అట్లనే పట్టుకొని పోతే ఏం జేస్తవక్కా?" అనేవాళ్లు. "పోతే చీరే గద పోయేది. నప్పని చీర కట్టుకొని ఏడాదంత నన్ను తిట్టుకుంటే బాగుంటదా?" అనేది. ఆమె షరతు ఒక్కటే. వద్దనుకున్నా సరే, ఆ మాట వచ్చి చెప్పాలి.

అలా తిరిగొచ్చిన చీరలను మడతపెట్టడం ఇద్దరి పని. బడికి పోయే వయసు నుంచీ ఆ రెండో మనిషిని నేనే. చెరో అంచు పట్టుకుని దులిపి, ఎదురెదురుగా నడిచి, నా చేతిలోని కొసలు ఆమె చేతిలో పెట్టేదాన్ని. ఆ కాస్త నడకలోనే మాకు కబుర్లన్నీ అయిపోయేవి.

పన్నెండో తరగతి అయ్యాక ఇంట్లో గొడవ మొదలైంది. నాన్న నన్ను ఇంజనీరింగ్‌లో చేర్పించాలనుకున్నాడు. మా స్కూల్ మేడమ్ ఒకావిడ హైదరాబాద్ అవతల ఉన్న ఒక చిన్న కాలేజీ గురించి చెప్పింది. అక్కడ చరిత్ర, జీవశాస్త్రం, సంగీతం, అర్థశాస్త్రం ఏవి కావాలంటే అవి కలిపి ఒకే డిగ్రీలో చదువుకోవచ్చట. తరగతికి పిడికెడు మందే ఉంటారట. దరఖాస్తు పెడితే సీటూ వచ్చింది, స్కాలర్‌షిప్పూ వచ్చింది.

"ఏ లైనమ్మా అది?" అని నాన్న అడిగాడు.

"అన్నీ నాన్నా."

"అన్నీ చదివితే ఆఖరికి నిన్ను ఏమని పిలుస్తరు?"

 నిజానికి నాకూ భయంగానే ఉండేది. ఇంట్లో తెలుగు, బడిలో హిందీ, సంతలో మరో రెండు మాట్లాడే మాలాంటి పిల్లలకు ఏ భాషా సరిగా రాదని బడిలో వింటూ పెరిగినదాన్ని. ఇంగ్లీషు గడగడా మాట్లాడే ఆ కాలేజీలో నా గతి ఏమవుతుందో తెలియదు. పోవాలని మాత్రం ప్రాణం కొట్టుకులాడేది.

అత్త రెండు రోజులు విని విసిగిపోయింది. "భుజాన ఏసుకోకముందే ఏందిరా మీ కొట్లాట?" అని నాన్నను కసిరి, ఒక వారం సంత మానుకుని నన్ను బస్సెక్కించింది. ముందు నాన్న చెప్పిన పెద్ద కాలేజీకే తీసుకుపోయింది. దాన్ని చూసి ఆమె మురిసిపోయింది. నన్ను లోపలికి పంపి తను గేటు బయట కూర్చుంది. నేను మాత్రం మధ్యాహ్నానికే వచ్చేసి ఆమె పక్కన కూర్చున్నాను. నప్పలేదని తెలిసిపోయి ఆమె సంచి సర్దుకుని లేచింది.

మర్నాడు చిన్న కాలేజీ. లోపలికి అడుగుపెట్టగానే అత్త మొహం మాడిపోయింది. అంత పెద్ద ఆవరణలో అక్కడొకరు ఇక్కడొకరు తప్ప జనం లేరు. "బేరం లేని దుకాణం బిడ్డా ఇది. సరుకుల ఏదో లోపమున్నది," అని నా చెవిలో గొణిగింది. సంతలో పెరిగిన మనిషికి జనం లేని చోటు మీద నమ్మకం ఎలా కుదురుతుంది? కావాలనే కొద్దిమందిని తీసుకుంటామని మాకు చూపిస్తున్న టీచరు ఓపికగా చెప్పింది. అత్త తన బజారు హిందీలో ఒకటే అడిగింది.

"ఎవరన్న నడుమల ఒద్దని పోతే ఏమంటరు?"

"కొందరు పోతారమ్మా. కూర్చోబెట్టి మాట్లాడి, మంచిగానే పంపిస్తాం."

దాంతో అత్త మెత్తబడింది. సాయంత్రం దాకా పిల్లను ఉంచుకొమ్మని ఆవిడకు చెప్పి, నాతో తెలుగులో, "నేను పక్కన ఉంటే నీకు అన్ని నప్పినట్టే ఉంటయి," అని బస్టాపుకు వెళ్లిపోయింది.

ఆ రోజంతా నేను సుఖంగా ఉన్నానని చెప్పలేను. క్లాసులో సగం మాటలు అర్థం కాలేదు. మధ్యాహ్నం ఒక్కదాన్నే తిన్నాను. కానీ పొద్దున ఒక టీచరు, నీకు కలలు ఏ భాషలో వస్తాయని అడిగాడు. మా సంతలోలాగే, కలలో ఎవరు వస్తే వాళ్ల భాషలో అన్నాను. నవ్వుతారనుకున్నాను. ఎవరూ నవ్వలేదు. గుండ్రంగా కూర్చున్న పిల్లలు ఒకరి తర్వాత ఒకరు మా సంత గురించి అడిగారు. నేను అంతసేపు ఒక గదిలో మాట్లాడటం అదే మొదటిసారి.

సాయంత్రం అత్తకు ఇదంతా చెప్పాను. "ఒక్కదానివే తిన్నవా?" అంది. తిన్నానన్నాను. "ఏడుపొచ్చిందా?" రాలేదని, పొద్దున వాళ్లడిగినవే తలుచుకుంటూ తిన్నానని చెప్పాను.  బస్సు గోదావరి దాటాక, "ఇంటికి పోయి మీ నాయినకు నువ్వే చెప్పు. నేను చెప్పేది కాదది," అంది. నేనే చెప్పాను. నాన్న ఒప్పుకున్నాడు గానీ, ఆ తర్వాత ఆ కాలేజీ ఊసు మళ్లీ ఎత్తలేదు.

నేను బయల్దేరే పొద్దున అత్త వసారాలో ఒక్కతే చీరలు మడతపెడుతోంది. రెండో మనిషి లేదు కాబట్టి అంచును గడ్డం కింద నొక్కిపట్టింది. "పోయి రానా అత్తా?" అన్నాను. తల ఊపింది. మళ్లీ అడిగితే మళ్లీ ఊపింది, అంతే. ఒక్క మాటైనా అనలేదేమని బస్సులో చిన్నబుచ్చుకున్నాను.

సెలవుల్లో వచ్చినప్పుడల్లా నప్పిందా అని అడిగేది. మొదటిసారి, ఇంకా బిరుసుగానే ఉందని చెప్పాను. "బిరుసు వాడంగ వాడంగ మెత్తగైతది. గుచ్చుకుంటున్నదా? అది చెప్పు," అంది. గుచ్చుకోవడం లేదన్నాను. ఆ తర్వాత ఎప్పుడడిగినా, చూస్తున్నా అత్తా అనేదాన్ని. "చూడు మరి. సంత ఇంకా ఎత్తలేదు గద," అనేది. ఇది నా ఆఖరి సంవత్సరం. ఈ ఎండాకాలం ఊరొచ్చినప్పుడు, చీర మడతపెడుతూ, కొసలు ఆమె చేతిలో పెడుతూ, నప్పిందని చెప్పాలనుకున్నాను. ఆ చేతుల కోసం నా ప్రాణం ఎంత లాగుతోందో చెప్పడానికి నాకొచ్చిన ఏ భాషలోనూ మాట దొరకడం లేదు.

కర్మ అయ్యాక వచ్చిన సంతకు, ఉన్న సరుకు పాడవుతుందని నాన్న ఆమె జాగాలో పట్టా పరిచాడు. నేనూ వెళ్లాను. ఎండ ఎక్కుతుండగా ఒక దోర్ల ఆవిడ నీలం చీర భుజాన వేసుకుని వచ్చింది. అత్త ఆఖరి సంతలో ఇచ్చిందట. పట్టా మీద అటూ ఇటూ చూసి, "ఆమె ఏది? నప్పిందని చెప్పాలె," అంది. అత్త పోయిందని చెప్పాను. ఆవిడ చీర అంచును నోటికి అడ్డం పెట్టుకుంది. "చెప్పి పోదమని పొద్దుగాల్నే బయలెల్లిన," అంది.

ఆవిడ వెళ్లాక, విప్పిన చీరలు మడతపెట్టడం మొదలుపెట్టాను. అంచు గడ్డం కింద నొక్కిపట్టాను. అలా పట్టుకుంటే మాట్లాడటం కుదరదని, మాట్లాడకుండా ఉండాలనుకునేవాళ్లకు అది మంచి దారని నాకు అప్పుడే తెలిసింది. అటువైపు తిరిగి లెక్క చూసుకుంటున్న నాన్న ఉన్నట్టుండి ఆగాడు.

"ఇంతకు ఆ కాలేజీ నీకు నప్పిందామ్మా?"

నేను తల ఊపాను. ఆయనకు కనిపించిందో లేదోనని మళ్లీ ఊపాను.