మేడమ్‌కు వినపడింది

మా గైడ్ మేడమ్‌కు వినికిడి తగ్గుతోందని డిపార్ట్‌మెంటులో అందరికంటే ముందు కనిపెట్టింది ఎం.ఏ. మొదటి సంవత్సరం పిల్లలు. ఆవిడ వాళ్లకు ఆర్థికశాస్త్రం చెప్పేవారు. నేను ఆవిడ దగ్గర పీహెచ్‌డీ చేస్తూ, హాజరు వేసే పని నాది కాబట్టి ఆ క్లాసులో చివరి బెంచీలో కూర్చునేదాన్ని.

ఒకరోజు ఒకబ్బాయి లేచి, "మేడమ్, అసైన్‌మెంట్ ఎప్పుడియ్యాలె?" అని అడిగాడు. మేడమ్ రెండడుగులు ముందుకొచ్చి, ధరలు పెరగడానికీ ఉద్యోగాలు తగ్గడానికీ ఉన్న సంబంధం గురించి ఓపిగ్గా వివరించారు. క్లాసంతా గొల్లుమంది. ఆ తర్వాత వాళ్లకు అదొక ఆటయింది. లేచి నిలబడి, గొంతు రానివ్వకుండా పెదాలు మాత్రం ఆడించేవాళ్లు. మేడమ్ తల ఊపి ఏదో ఒక జవాబు చెప్పేవారు. నేను బయట పట్టుకుని తిడితే, "మేమేం జేసినమక్కా, డౌటే గద అడిగింది" అన్నారు.

ఆ వారంలోనే మేడమ్ నన్ను తార్నాకలో వాళ్లింటికి రమ్మన్నారు. చాప్టర్ దిద్దడానికనుకున్నాను. తలుపు తీసింది వాళ్లాయన. బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి.

"రామ్మా. ఏమీ అనుకోకు, నాకు గొంతు పోయింది. పొద్దుట్నుంచీ అరుస్తూనే ఉన్నాను" అన్నారు. నిజంగానే ఆయన గొంతు బొంగురుగా ఉంది.

మేడమ్ నన్ను పక్కన కూర్చోబెట్టుకున్నారు. "డాక్టరుకు చూపించానమ్మా. నరం దెబ్బతింటోందట. మందు లేదన్నాడు. చెవికి మిషన్ పెట్టుకోమన్నాడు."

"పెట్టుకుంటే ఏమైతది మేడమ్?"

రెండోసారి గట్టిగా అడిగాక వినపడింది. "చెవికి మిషన్ చూస్తే జాలిపడతారు. ఇయర్‌ఫోన్స్ చూస్తే పాటలు వింటోంది అనుకుంటారు. ఫోన్‌లో ఏదో సెట్టింగ్ ఉంటుందటగా, మా చెల్లెలు చెప్పింది. నువ్వు చూసి పెట్టు."

అప్పటికే మెడలో వేసుకునే బ్లూటూత్ నెక్‌బ్యాండ్ ఒకటి కొని ఉంచారు. ఫోన్‌లో సౌండ్ సెట్టింగ్స్ తెరిచి వెతికాను. మన చెవికి తగ్గట్టు శబ్దాన్ని మార్చే ఏర్పాటు ఒకటి కనిపించింది. ముందు పరీక్ష పెడుతుంది. బొంగురు శబ్దం నుంచి కీచుమనే సన్నటి శబ్దం దాకా ఒక్కో చెవిలో బీప్‌లు మోగిస్తుంది. వినపడితే అవునని నొక్కాలి. మేడమ్ వేలెత్తేటట్టు, నేను నొక్కేటట్టు అనుకున్నాం. వాళ్లాయన ఫ్యాను ఆపేశారు.

మేడమ్ కళ్లు మూసుకున్నారు. మొదటి శబ్దాలకు వేలు లేచింది. తర్వాత కొంచెం ఆలస్యంగా లేచింది. ఆ తర్వాత లేవలేదు. ఫోన్ దానంతటదే శబ్దం పెంచుకుంటూ పోయింది. గది ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, ఆవిడ చెవిలోని బీప్ పక్కన కూర్చున్న నాకు వినపడింది. తల తిప్పితే వాళ్లాయన గుమ్మం దగ్గర నన్నే చూస్తున్నారు. ఆయనకూ వినపడింది.

మేడమ్ అలాగే కళ్లు మూసుకుని, శ్రద్ధగా, వేలు మోకాలి మీద పెట్టుకుని ఎదురుచూస్తున్నారు. "తర్వాతది మొదలైందా అమ్మా?" అని అడిగారు.

"అయితున్నది మేడమ్" అన్నాను, ఆవిడకు వినపడదని తెలిసీ.

పరీక్ష అయ్యాక ఫోన్ సన్నటి శబ్దాలను పైకెత్తి ఒక కొత్త అమరిక తయారుచేసింది. దానితోపాటు ఇంకో సెట్టింగ్ కూడా ఆన్ చేశాను. అది ఫోన్ మైక్‌లో పడిన మాటల్ని పెంచి ఇయర్‌ఫోన్స్‌లోకి పంపుతుంది. ఫోన్ తీసుకెళ్లి వంటింటి గట్టు మీద పెట్టాను. వాళ్లాయన లోపల్నుంచి, అరవకుండా, మామూలు గొంతుతో, "కాఫీ కలపనా?" అన్నారు.

"కలపండి" అన్నారు మేడమ్.

ఆయన చాలాసేపు బయటికి రాలేదు. కాఫీ కలపడానికి అంతసేపు పట్టదు.

క్లాసులో ఫోన్‌ను ముందు బెంచీ మీద బోర్లా పెట్టేవాళ్లం. మాట పెదాల కంటే కాస్త వెనకగా చేరుతోందనీ, ఫ్యాన్ల మోత ఎక్కువగా ఉందనీ మేడమ్ అంటే ఫోన్‌లో చుట్టూ ఉన్న శబ్దం తగ్గించే గీతను కొంచెం జరిపాను. అడిగినదానికి సరైన జవాబు వస్తుంటే పిల్లల ఆట దానంతటదే ఆగిపోయింది. మేడమ్ నడకలో కూడా తేడా వచ్చింది. అంతా బాగుపడిందనే అనుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఆవిడ బోర్డు మీద రాస్తుండగా సుద్దముక్క ఆగింది. చివరి బెంచీలో ఉన్న నాకేమీ వినపడలేదు. ముందు బెంచీలో ఇద్దరు తలలు దగ్గర పెట్టుకుని ఉన్నారు, అంతే. సుద్దముక్క మళ్లీ కదిలింది. పాఠం గంట కొట్టేదాకా నడిచింది.

రోజూ ఆటోలో వెళ్లే మనిషి, ఆ రోజు తార్నాక వైపు నడుద్దామన్నారు. క్యాంపస్ రోడ్డు మీద కొంత దూరం వెళ్లాం. తర్వాత నెక్‌బ్యాండ్ మెడలోంచి తీసి చేతికి చుట్టుకుంటూ అన్నారు.

"వినపడిందమ్మా. చాలా బాగా వినపడింది."

నేను ఆగి, ఆవిడకు ఎదురుగా నిలబడి, "ఏమన్నరు మేడమ్?" అన్నాను.

కృష్ణా జిల్లా మనిషి, ముందు బెంచీ పిల్లవాడి మాటను వాడి యాసలోనే చెప్పారు. "'గీ చెవిటామె ఎప్పుడు పోతదిరా, మన సదువు ఖరాబైతున్నది' అన్నాడు. దానికి నాకు కోపం లేదు. చదువు పాడవుతున్న మాట నిజమే. రెండోవాడు మాత్రం, 'పాపం, పోనియ్‌రా' అన్నాడు. అది తట్టుకోలేకపోయాను."

నెక్‌బ్యాండ్ ఇంకా ఆవిడ చేతికే చుట్టి ఉంది.

వానాకాలం వచ్చేసరికి సెట్టింగ్ కూడా పనిచేయడం మానేసింది. మళ్లీ పరీక్ష పెట్టాను. బొంగురు బీప్‌లకు కూడా వేలు సరిగ్గా లేవలేదు. అన్ని గీతలూ చివరిదాకా జరిపి చూశాను. "గిన్నెలన్నీ ఒక్కసారి కింద పోసినట్టుందమ్మా. అందులో మాటేదీ లేదు" అన్నారు. ఇక మిషన్ పెట్టినా చప్పుడు పెరుగుతుందే తప్ప మాట తెలియదని డాక్టరు చెప్పాడట. ముందు సెలవు పెట్టారు, తర్వాత ఉద్యోగమే మానేశారు. నన్ను ఇంకో గైడ్‌కి మార్చారు.

నా వైవాకు మేడమ్ వచ్చారు. చెవుల్లో ఏమీ లేకుండా మొదటి వరుసలో కూర్చున్నారు. బయటినుంచి వచ్చిన పరీక్షకుడు అడిగిన ప్రతిదానికీ నేను ఆవిడ వైపు చూస్తూనే జవాబు చెప్పాను. నా మొహం చూసి, బాగానే చెబుతున్నానని ఊహించుకుని, తల ఊపుతూ ఉన్నారు. చివర్లో అందరూ చప్పట్లు కొడుతుంటే చుట్టూ చూసి, కాస్త ఆలస్యంగా ఆవిడా కొట్టారు.

ఒక కాలేజీలో ఉద్యోగం దొరికాక ఆ సంగతి మేడమ్‌కు చెప్పడానికి తార్నాక వెళ్లాను. తన గొంతు తనకు వినపడక మేడమ్ చాలా పెద్దగా మాట్లాడుతున్నారు. వాళ్లాయన లేచి కిటికీ మూశారు.

"నిశ్శబ్దంగా ఉంటుందనుకున్నానమ్మా" అన్నారు మేడమ్. "ఉండదు. మల్కాజ్‌గిరి స్టేషన్‌లో గూడ్సు బండి ఆగకుండా పోతున్నట్టు ఉంటుంది, లోపల. నిద్ర లేచినా అదే, పడుకున్నా అదే."

"ఎప్పుడన్న ఆగుతదా మేడమ్?"

ఆవిడ నా పెదాలు చూశారు. తర్వాత ఆయన వైపు చూశారు. ఆయన ఫోన్‌లో నా ప్రశ్నను పెద్ద అక్షరాలతో టైప్ చేసి ఆవిడ ముందు పట్టుకున్నారు.

మేడమ్ చదివి, లేదన్నట్టు చెయ్యి ఊపారు. ఆ తర్వాత, కాలేజీలో పాఠం చెప్పడానికి ఏ పేపర్లు ఇచ్చారు, పిల్లలు ఎలా ఉన్నారు అని అదే పెద్ద గొంతుతో అడిగారు. నేను ఆయన దగ్గర ఫోన్ తీసుకుని టైప్ చేయడం మొదలుపెట్టాను.